సీనియారిటీ ఒక్కటే చాలదు

చెన్నైలోని తెలుగు మీడియం టీచర్ల ప్రమోషన్ల గురించి వచ్చిన ఒక వ్యాసంలో "సీనియారిటీ ఉంటే చాలు" అన్నారు. ఆ మాట నమ్మి కూర్చుంటే నష్టపోతారు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రమోషన్‌కు టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) తప్పనిసరి. రిటైర్మెంట్‌కు ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండా ఉద్యోగంలో కొనసాగవచ్చు గానీ ప్రమోషన్ అడగలేరు. ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో పాస్ కావాలి.

ఎక్కువమంది పొరబడేది టెట్‌లో ఏ పేపర్ రాయాలన్న దగ్గరే. సెకండరీ గ్రేడ్ టీచరు (చిన్న తరగతుల టీచరు) బీటీ అసిస్టెంట్ (పై తరగతులకు చెప్పే గ్రాడ్యుయేట్ టీచరు) కావాలంటే డిగ్రీ, బీఎడ్‌తో పాటు పేపర్ 2 కావాలి. పేపర్ 1 ఒకటి నుంచి ఐదు తరగతుల వరకే, అది ఇక్కడ అక్కరకు రాదు. పేపర్ 2లో 150 మార్కులు: శిశు వికాసం 30, మొదటి భాష 30, ఇంగ్లీషు 30, మిగతా 60 గణితం-సైన్సు లేదా సోషల్. తెలుగు పండితులకూ ఆ 60 తప్పవు, రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మొదటి భాషగా తెలుగు తీసుకోవచ్చు, దరఖాస్తులో ఆ గడి మరీ మరీ చూసుకోండి. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు.

ప్రమోషన్ రాకపోయినా పదేళ్లకు సెలక్షన్ గ్రేడ్, ఇరవై ఏళ్లకు స్పెషల్ గ్రేడ్ అనే పై జీతపు గ్రేడ్లు ఉన్నాయి. ఆ వ్యాసంలో వాటి ప్రస్తావనే లేదు. ఆ తేదీలు దాటాక సర్వీస్ రిజిస్టర్‌లో నమోదయిందో లేదో దయచేసి అందరూ స్వయంగా చూసుకోండి.