సవరణ: చిట్టెలుక రక్తం లెక్కలో నా పొరపాటు

ల్యాబ్ చిట్టెలుకల నుంచి రక్తం తీయడం గురించి మొన్న రాస్తూ "ఒక్కసారికి శరీర బరువులో 10 శాతం మించకూడదు" అన్నాను. తప్పు. బరువులో కాదు, ఒంట్లో ఉన్న మొత్తం రక్తంలో 10 శాతం.

ఇది చిన్న తేడా కాదు. చిట్టెలుకకు కిలో బరువుకు సుమారు 72 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే 25 గ్రాముల ఎలుకలో 1.8 మి.లీ. అందులో పదో వంతు 0.18 మి.లీ., అంటే మూడు నాలుగు చుక్కలు. నా లెక్క ప్రకారమైతే 2.5 మి.లీ. తీయాలి. అసలు దాని ఒంట్లో అంత రక్తమే లేదు! మళ్లీ మళ్లీ తీయాల్సి వస్తే 28 రోజుల్లో మొత్తం 15 శాతం దాటకూడదు.

తోక చివర కత్తిరించడం మామూలే అని కూడా రాశాను. ఆ మాటా వెనక్కి తీసుకుంటున్నాను. తోకకు రెండు పక్కలా సిరలుంటాయి. కాస్త వెచ్చబెడితే ఉబ్బుతాయి, సన్నని సూదితో ఒక్క పోటు చాలు. నన్నడిగితే వెనక కాలి సఫీనస్ సిర ఇంకా నయం, మత్తు కూడా అక్కర్లేదు. అక్కడ వెంట్రుకలు తీసి కొంచెం వ్యాజలిన్ రాస్తే రక్తం చర్మం మీద పాకకుండా పూసలా నిలుస్తుంది. దాన్ని సన్నని గాజు గొట్టంతో అందుకోవాలి. తర్వాత దూదితో నొక్కిపట్టి, రక్తం ఆగాకే పంజరంలో వదలాలి. తొందరలో చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

కంటి వెనక నుంచి తీసేటప్పుడు మత్తు తప్పనిసరి అన్న మాటలో మార్పు లేదు.

పాత అంకెలను ఎవరైనా ప్రింట్ తీసి ల్యాబ్ గోడకు అంటించి ఉంటే దయచేసి చించేయండి.