దోమకో అణా

హైదరాబాద్‌కు తన వైద్య చరిత్ర మీద పట్టింపే లేదని, పాత దవాఖానల్ని పాడుబెట్టేస్తున్నారని ఏటా ఎవరో ఒకరు బాధపడుతూనే ఉంటారు. ఇది శుద్ధ అన్యాయం. వైద్యాన్ని కాపాడుకోలేదంటే ఒప్పుకుంటాను గానీ, రోగాలను మాత్రం ఈ ఊరు కంటికి రెప్పలా చూసుకుంటూ వచ్చింది. ఆ క్రెడిట్ ఇవ్వరేం?

దోమనే తీసుకోండి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు మలేరియా క్రిమిని దోమ పొట్టలో పట్టుకున్నది మన బేగంపేటలోనే. ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకు తన రక్తం తాగించిన హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. రేటు తక్కువే, కానీ లెక్క పక్కా. ఇప్పుడు అదే సేవను సాయంత్రం ఆరు కాగానే ఊరు ఊరంతా ఫ్రీగా చేస్తోంది. రాస్ పనిచేసిన బంగ్లా ఎక్కడని అడిగితే ఆటో అన్న తెల్లమొహం వేస్తాడేమో గానీ, దోమ అడ్రసు అడక్కుండానే ఇంటికొస్తుంది. వారసత్వ సంపదను ఇలా హోమ్ డెలివరీ చేసే నగరం ఇంకోటి చూపించండి.

నీళ్ల సంగతీ అంతే. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ దవాఖానను ఊడ్చేసింది, అక్కడున్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారంటారు. తర్వాత అక్కడ ఠీవిగా ఉస్మానియా దవాఖాన కట్టారు. 2020 జూలైలో వాన పడితే నీళ్లు తిన్నగా వార్డుల్లోకి వచ్చి మంచాల కింద నిలబడ్డాయి, పాత భవనాన్ని ఖాళీ చేయించారు. నూటపన్నెండేళ్ల తర్వాత కూడా ఆనవాయితీ తప్పలేదు! చింతచెట్టు మాత్రం నిక్షేపంగా ఉంది, దాని మెయింటెనెన్స్ మన చేతుల్లో లేదు కాబట్టి.

1595లో కట్టిన దారుల్‌షిఫా పెద్ద యునానీ దవాఖాన, హకీముల బడి కూడా. ఇప్పుడది ఓ బస్తీ పేరు. 1888, 89లో నిజాం సొమ్ముతో క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద రెండు కమిషన్లు వేసి, వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, దీనితో గుండెకేం భయం లేదు, ఊపిరి చూసుకుంటే చాలని తేల్చారు. తర్వాత అది తప్పని తేలింది. కమిటీలు వేయడం మనకు అప్పట్నుంచే అలవాటన్నమాట. ఆ రోజుల్లోనే ఇక్కడ చదివి మత్తు డాక్టరైన రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు, తప్పు రిపోర్టు ఆవిడ రాయలేదు కదా.

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాత హైదరాబాదీలు కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అనే ఇంగ్లిష్ ముక్క జనం నోట్లో నలిగి నలిగి కోరంటి అయింది. అయినా సరే, 2020లో క్వారంటైన్ అంటే ఏమిటో టీవీలో యాంకర్లు విడమరిచి చెబుతుంటే మనం నోరు తెరుచుకుని విన్నాం. నేనూ విన్నాను, పైగా నోట్స్ రాసుకున్నాను.

నా డిమాండ్ ఒక్కటే. 1897 నాటి రేటే ఇప్పించండి, వడ్డీ వద్దు. ఈ పేరా రాస్తుండగానే మోచేతి మీద ఒకటి, చెవి వెనకాల ఒకటి. రెండణాలు.