ఫ్రేమ్‌లు లెక్కబెట్టి టైమ్ చూసుకునే గేమ్‌లు

జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్‌ను ఇవాళ్టి కంప్యూటర్‌లో వేసి, సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ లిమిటర్ (తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేమ్‌లు, పడాలో హద్దు పెట్టేది) ఆఫ్ చేసి చూడండి. బొమ్మ భలే స్మూత్‌గా కదులుతుంది. తీరా హీరో సీజేని నీళ్లలోకి దింపితే, ఎంత ఈదినా ముందుకు సాగడు. 2005లో పీసీకి వచ్చిన ఆ గేమ్‌ను లిమిటర్ సెకనుకు 25 ఫ్రేమ్‌ల దగ్గర ఆపుతుంది. పాత కంప్యూటర్ల కోసం పెట్టిన అడ్డేమో అనుకుని చాలామంది దాన్ని తీసేస్తారు. గేమ్ లెక్కలు కొన్ని దాని మీదే నిలబడి ఉన్నాయని ఎవరికి తెలుస్తుంది?

అసలు చిక్కు చాలా చిన్నది. కారును ‘ఫ్రేమ్‌కు 2 అంగుళాలు’ జరపమని కోడ్ రాస్తే, 30 ఫ్రేమ్‌ల దగ్గర అది సెకనుకు 60 అంగుళాలు పోతుంది, 120 దగ్గర 240 పోతుంది. 2013 నాటి నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్‌లో 30 ఫ్రేమ్‌ల తాళం తీసి 60కి పెంచిన వాళ్లకు ఆట మొత్తం రెట్టింపు వేగంతో పరుగెత్తింది. గత ఫ్రేమ్ నుంచి ఎంత సమయం గడిచిందో చూసి, దాంతో వేగాన్ని గుణిస్తే ఈ గొడవ ఉండదు. దీన్నే డెల్టా టైమ్ అంటారు. కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి గేమ్ పెట్టె) కోసం రాసేవాళ్లు అంత దూరం ఆలోచించలేదంటే అర్థం చేసుకోవచ్చు. అందరి ఇంట్లో ఉండేది ఒకే పెట్టె కదా.

డెల్టా టైమ్ వాడితే అన్నీ సర్దుకుంటాయనీ కాదు. 1999 నాటి క్వేక్ 3లో ప్రతి ఫ్రేమ్‌కూ వేగాన్ని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తారు. ఆ చిల్లర తేడాలు పోగుపడి, 125 ఫ్రేమ్‌ల దగ్గర ఆటగాడు మామూలు కంటే ఎత్తుకు ఎగురుతాడు. పోటీ ఆటగాళ్లు గోల చేయలేదు, హాయిగా 125 పెట్టుకుని ఆడుకున్నారు!

డార్క్ సోల్స్ 2 తీరు వేరు. 2014లో పీసీలో 60 ఫ్రేమ్‌లతో ఆడినవాళ్ల కత్తులు, కన్సోల్‌లో 30తో ఆడినవాళ్ల కత్తుల కంటే దాదాపు రెట్టింపు త్వరగా అరిగిపోయేవి. తెర మీద ఏదీ వింతగా కనబడదు కాబట్టి, తప్పు తమ ఆటదేనని అనుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. మరుసటి ఏడాది అప్‌డేట్‌తో సరిచేశారు.

నాకు కోపం వచ్చేది స్కైరిమ్ దగ్గర. 2011లో ఆ గేమ్ ఫిజిక్స్‌ను, అంటే వస్తువులు కదిలే లెక్కలను, 60 ఫ్రేమ్‌లకు కట్టేశారు. అది దాటితే బల్ల మీది గిన్నెలు ఎగిరిపడతాయి, మొదటి సీన్‌లోని గుర్రపు బండి గంతులేస్తుంది. సరే, అప్పట్లో 60 చాలనుకున్నారు. 2016లో స్పెషల్ ఎడిషన్ అన్నారు, 2021లో యానివర్సరీ ఎడిషన్ అన్నారు. రెండుసార్లూ అదే ముడిని అలాగే ఉంచి అమ్మారు. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 ఫ్రేమ్‌లు చూపే) మానిటర్ కొన్న మనిషి సెట్టింగ్స్ ఫైల్ తెరిచి, ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సెకన్ల లెక్కను 0.0166 నుంచి 0.0069కి మార్చుకోవాలట! పాత కోడ్ రాసినవాళ్లను క్షమించవచ్చు. దాన్నే మళ్లీ మళ్లీ అమ్మేవాళ్లకు ఆ మినహాయింపు ఇవ్వలేను.

ఫైల్ జోలికి పోవడం ఇష్టం లేకపోతే, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ సెట్టింగ్స్‌లోనే ఒక్కో గేమ్‌కు విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. స్కైరిమ్‌కు 60 పెట్టండి. శాన్ ఆండ్రియాస్‌కు దాని సొంత లిమిటర్‌నే ఉంచేయండి, సీజే ఈదుతాడు.