ఊండ్ సర్టిఫికెట్ గారికి ఒక ముద్దాయి వకీలు విన్నపం

శ్రీయుతులు ఊండ్ సర్టిఫికెట్ గారి దివ్యసముఖానికి,

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున నిలబడి పొట్టపోసుకునే వకీలు నమస్కరించి రాయునది. తమరు క్షేమమని తలుస్తాను. ఛార్జిషీటు కట్టలో ఎఫ్ఐఆర్ కింద, పంచనామా పైన హాయిగా పడుకుని ఉంటారు, తమకేం లోటు? తమ దయవల్ల మా క్లయింట్లకే నిద్ర లేదు.

చూడబోతే తమరు, దెబ్బల గురించి ఆసుపత్రి డాక్టరు రాసిచ్చే అర పేజీ కాగితం. పైన ఆసుపత్రి ముద్ర, కింద సంతకం అనబడే ఒక వంకర గీత, మధ్యలో నాలుగైదు గళ్లు. గాయం ఎక్కడ, ఎంత పొడుగు, ఎప్పటిది, దేనితో అయింది. ఆఖరి గడిలో సింపుల్ (మామూలు గాయం) అనో గ్రీవస్ (తీవ్రమైన గాయం) అనో ఒక్క ముక్క. ఆ ముక్క కోసం ఎస్సై గారు కాచుకుని ఉంటారు, ఫిర్యాదుదారు మొక్కులు మొక్కుతాడు, మా వాడు బీపీ మాత్ర మింగుతాడు. అదే కేసులో తీర్పు చెప్పడానికి జడ్జీ గారికి ఏళ్లు పడుతుంది. తమరు క్యాజువాల్టీలో, పక్క మంచం మీద ఇంకెవరో కేకలు పెడుతుండగానే చెప్పేస్తారు.

ఇప్పుడు నా దగ్గరున్న కేసు సంగతే చూడండి. బస్తీకి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. పైపు ముందు ఎవరు పెట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. మా వాడు చెప్పేది ఇది: "నేను కొట్టలే సారూ. జెర నూకిన, గంతే. ఆడే వొయ్యి ట్యాంకర్ మీద వడ్డడు." అవతలివాడి కథలో అయిదుగురు మనుషులు, రెండు కర్రలు, ఒక ఇత్తడి బిందె, "నీ అంతు చూస్తా" అనే డైలాగు ఉన్నాయి. మొదట స్టేషన్లో దీన్ని బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 115(2) అన్నారు. మామూలు దెబ్బ, గరిష్ఠం ఏడాది జైలు లేదా పదివేల వరకు జరిమానా, దర్యాప్తు చేయాలన్నా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. ఇద్దర్నీ కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపేసే సరుకు.

కొన్ని వారాలకు తమరు వేంచేశారు. పై వరస ముందు పన్ను విరిగిందన్నారు. పన్ను విరిగినా, కదిలినా చట్టం లెక్కలో అది ఎముక విరిగినదానితో సమానం. వెంటనే సెక్షన్ మార్చే ఆల్టరేషన్ మెమో పడింది, 115(2) పోయి 117(2) వచ్చింది, ఏడాది కాస్తా ఏడేళ్లయింది. ఆ పన్ను గుట్కాకి ఊడిందో గుద్దుకి ఊడిందో తమరి గళ్లలో ఎక్కడా లేదు. దవడ వాచిందా, చిగురు చిట్లిందా, పెదవి లోపల కోత ఉందా? పన్ను విరిగేంత దెబ్బ పెదవిని ముట్టకుండా ఎలా వెళ్లిందండీ?

తీవ్రమైన గాయాలు ఎనిమిది రకాలని చట్టం రాసుకుంది. కన్ను పోవడం, చెవి వినపడకపోవడం, కీలు పోవడం, ముఖం శాశ్వతంగా చెడిపోవడం, ఇలాంటివి. ఎనిమిదోది మాత్రం నాకు మహా ఇష్టం: ప్రాణం మీదికి వచ్చిన దెబ్బ, లేదా ఇన్ని రోజులు తీవ్రమైన నొప్పి పడితే, రోజువారీ పనులు చేసుకోలేకపోతే. 1860 నాటి ఐపీసీలో అది 20 రోజులు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 15 రోజులు. పాత కేసులకు పాత చట్టమే కనుక ఒకే కోర్టు హాల్లో 20 రోజులు మూలగాల్సినవాళ్లూ, 15 రోజులతో సరిపెట్టుకునేవాళ్లూ పక్కపక్కనే కూర్చుంటున్నారు. రూలు తెలిసిన పెద్దమనిషి ఒకరు ఏదో నర్సింగ్ హోంలో మంచమెక్కి, లెక్కకి సరిపడా రోజులు పూర్తయిన మర్నాడే దిగి బావమరిది బారాత్‌లో తీన్‌మార్ ఆడాడు. ఆ వీడియో మా డిఫెన్స్ ఫైల్లో ఉంది. దాన్ని ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా పెట్టాలంటే దానికీ వేరే సర్టిఫికెట్ కావాలి. మీ వంశం పెద్దదే.

ఇక ఆయుధం. వట్టి చేత్తో గుద్ది ఎముక విరగ్గొడితే ఏడేళ్ల నేరం, కానీ బెయిలబుల్, పైగా కోర్టు అనుమతితో రాజీ పడొచ్చు. కూరగాయల కత్తితో చేతి మీద ఒక గీత గీస్తే 118(1), మూడేళ్లే, కానీ నాన్‌బెయిలబుల్, కింది కోర్టులో రాజీ కుదరదు. ఇద్దరూ కలిసిపోయి ఒకరింటి పెళ్లికి ఒకరు వెళ్తున్నా, కేసు కొట్టేయించుకోవడానికి నాంపల్లి నుంచి మూసీ దాటి హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేసుకోవాలి. కత్తికి, తుపాకీకి గొడవ లేదు. కర్ర, రాయి, బిందె దగ్గరే మాకు పని. దాన్ని ఆయుధంగా వాడితే చావు సంభవించే వస్తువా కాదా అనేది చూడాలి. రాయి అంటే చాలదు, ఎంత రాయి, అంచు ఎలాంటిది? మనిషి పళ్లు మారణాయుధం కాదని సుప్రీంకోర్టే ఒక ఢిల్లీ కేసులో చెప్పింది, కొరికినవాళ్లకు అదొక ఊరట. తమరేమో "మొద్దు వస్తువుతో" అని రాసి చేతులు దులుపుకుంటారు. గోడా మొద్దు వస్తువే, రోడ్డూ మొద్దు వస్తువే, ట్యాంకరూ మొద్దు వస్తువే.

తమరి మహిమ తెలిసినవాళ్లు కొట్లాట అవగానే ఇంటికి పోరు. ముందు స్టేషను, అక్కణ్ణుంచి కానిస్టేబుల్‌ని, మెమోని వెంటబెట్టుకుని ఆసుపత్రి. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదే. ఎవడు ముందు తమర్ని సంపాదిస్తే వాడు బాధితుడు, వెనక వచ్చినవాడు ముద్దాయి. మా వాడికీ ఆ రోజు భుజం మీద, వీపు మీద దెబ్బలున్నాయి. కానీ పసుపు రాసుకుని పడుకున్నాడు, మూడో రోజు నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి నీలం కాస్తా పచ్చబడింది. నేను చేసిన మొదటి పని వాడి దగ్గర వకాల్తా తీసుకోవడం కాదు, ప్రభుత్వాసుపత్రికి తోలడం. వాడికీ తమరి తమ్ముణ్ణొకణ్ణి పుట్టించి కౌంటర్ కేసు పెట్టించాను. ఇప్పుడు రెండు కేసులూ ఒకే జడ్జీ గారి ముందు నడవాలి, పద్ధతి అదే. ముద్దాయి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ సంజాయిషీ చెప్పకపోతే, చెప్పిన కథనే అనుమానించాల్సి వస్తుందని 1976లో లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పు జిరాక్సు నా బ్యాగులోంచి తియ్యను. అలాగని గోరు గీతలన్నింటికీ అది పనిచేయదు, గాయం చెప్పుకోదగ్గదై ఉండాలి.

ఆత్మరక్షణ అనే హక్కు బీఎన్ఎస్‌లో 34 నుంచి 44 దాకా బారుగా ఉంది. దాన్ని అనుమానం లేకుండా రుజువు చేయాల్సిన బాధ్యత మాకు లేదు, అలా జరిగి ఉండవచ్చని తోస్తే చాలు. కానీ పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదట, అవసరానికి మించి కొట్టినా లేదట. నెత్తి మీదికి బిందె వస్తున్నప్పుడు 100కి ఫోన్ చేసి, లైన్లో ఉండమంటే ఉండి, అవసరానికి సరిపడా మాత్రమే నూకాలి. మా వాడికి ఇది తెలుగులో విడమర్చి చెప్తే చాలాసేపు నా మొహం చూసి, "గంత టైము ఆడిస్తడా సారూ?" అన్నాడు. ఈ ప్రశ్న యథాతథంగా ఆర్గ్యుమెంట్లో పెడదామనుకుంటున్నాను.

అరెస్టు విషయంలో మాత్రం తమరి పప్పులు అంతగా ఉడకలేదు. ఏడేళ్లు, అంతకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో ఊరికే పట్టుకెళ్లకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఉంది. అందుకే మా వాడికి చంచల్‌గూడ జైలు బదులు, పిలిస్తే రమ్మనే బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 35(3) నోటీసు వచ్చింది. పిలిచినప్పుడల్లా స్టేషన్ బెంచీ మీద కూర్చుని వస్తున్నాడు.

అసలు సంగతికి వస్తాను. కోర్టు ఎదుట తమరు ఒంటరిగా నిలవలేరని మనిద్దరికీ తెలుసు. తమర్ని రాసిన డాక్టరు గారు బోనెక్కాలి. ఎక్కితే మా క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా ఉంటుంది.

"గట్టి వస్తువు మీద బోర్లా పడితే ఇలాంటి గాయం అయ్యే అవకాశం ఉందా?" "ఉంది."

"పోలీసులు ఆ బిందెను మీకు చూపించి అభిప్రాయం అడిగారా?" "లేదు."

"హిస్టరీ గడిలో కొట్టింది గుర్తు తెలియని వ్యక్తులు అని రాశారు. ఎవరు చెబితే రాశారు?" "పేషెంటే చెప్పాడు."

"ఎక్స్‌రే?" "తీయించమని రాశాను." "ఫిల్ము ఫైల్లో ఉందా?" "..."

మూడో ప్రశ్న దగ్గర ప్రభుత్వ వకీలు ఏపీపీ గారు ఫైలు తిరగేయడం మొదలుపెడతారు. ఆసుపత్రిలో గుర్తు తెలియని వ్యక్తులు మర్నాటి ఫిర్యాదులో ఇంటిపేర్లతో సహా అయిదుగురయ్యారు. వాళ్లలో ఒకడు ఆ పూట కరీంనగర్లో ఉన్నాడు, వాడి బస్సు టికెట్టు మా దగ్గరుంది. బిందె పట్టుబడిందన్న పంచనామాలో సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరు పంచులూ స్టేషను ముందు చాయ్ బండి దగ్గరివాళ్లే. వాళ్లు బోనెక్కి ఏం చెప్తారో బెంచ్ క్లర్కు గారు ముందే చెప్పగలరు.

ఇదంతా రాస్తున్నది తమరి మీద కోపంతో కాదు. నిజంగా దెబ్బలు తిన్నవాడి కేసు కూడా తమరి బద్ధకం వల్లే కొట్టుకుపోతుంది. అప్పుడు నాలాంటివాణ్ణి తిట్టుకుంటారు. నా ఫీజులో తమరి వాటా ఎంతో మాత్రం ఎవరూ అడగరు.

డాక్టరు గారికి బదిలీ అయిందట. సమన్లు పాత అడ్రసుకి వెళ్లి తిరిగొచ్చాయి, ఈసారి కొత్త చోటికి పంపుతున్నారు. ఆయనతో పాటు తమరూ వచ్చే వాయిదాకు దయచేయండి. ఎక్స్‌రే ఫిల్మును వెంటబెట్టుకుని వస్తే సంతోషం. రాకపోతే మా వాడికి ఇంకా సంతోషం.

ఇట్లు,
తమరి క్రాస్ కోసం కాచుకున్న
ఏ1 (మొదటి ముద్దాయి) తరఫు వకీలు