పదహారో అంకెకి సున్నా చుట్టారు

9007199254740993. చూడ్డానికి బుద్ధిమంతురాలైన సంఖ్యే. బేసి. 2ని 53 సార్లు వేసి గుణించుకుంటే వచ్చేదానికి ఒకటి ఎక్కువ. ప్రధాన కారణాంకాలు మూడే: 3, 107, 28059810762433. అంటే 1తోనూ తనతోనూ కలిపి భాజకాలు మొత్తం 8. ఒద్దికైన సంసారం.

దీన్ని ఎక్సెల్ గడిలో కొట్టి ఎంటర్ నొక్కండి. ముందు 9.0072, దాని పక్కన E+15 అంటూ ఏదో సంకేతభాష పడుతుంది. కంగారుపడి నంబర్ ఫార్మాట్ పెట్టి, గడి వెడల్పు చేస్తే 9007199254740990 బయటికొస్తుంది. ఎక్సెల్ 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోదానికి సున్నా చుట్టేస్తుంది. ఇందాకటి బేసి ఇప్పుడు సరి. 2, 5 పిలవకుండానే వచ్చి భాగిస్తున్నాయి, 107 మాత్రం అలిగి వెళ్లిపోయింది.

ఇదే సంఖ్యను వెబ్‌పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌కి ఇవ్వండి, చివర 992 అంటుంది. దాని లెక్క మన అంకెల్లో కాదు, 53 బిట్లలో, అంటే 0, 1 గుర్తుల్లో. 2 యొక్క 53వ ఘాతం దాటగానే సరిసంఖ్యలకే చోటు. మనది 992కీ 994కీ సరిగ్గా నడుమ ఇరుక్కుంది. అలాంటప్పుడు ఆ 53 బిట్లలో చివరిది సున్నా అయినవైపు తొయ్యమని నియమం, తోసేసింది. ఇక 992తో ముగిసేది అచ్చంగా 2 ఘాతమే కనుక దానికి భాజకాలు 54! ఇంట్లోంచి ఒక్కటి బయటికెళ్తే 46 మంది చుట్టాలు దిగబడ్డట్టు.

ఈ యంత్రాలొద్దు, చేత్తోనే రాసుకుందాం అంటారా? నడుమ 254 ఉన్నచోట 245 పడిందనుకోండి. అనుమానమొచ్చి అంకెలు కూడితే అప్పుడూ 78, ఇప్పుడూ 78. రెండంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే, అందుకని అంకెల మొత్తం ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. దొంగను పట్టేది 11. కుడినుంచి మొదలుపెట్టి ఒక అంకె కూడుతూ, పక్క అంకె తీసేస్తూ పొండి. అసలుదానికి మైనస్ 2 వస్తుంది, తప్పుదానికి సున్నా. అంటే పొరపాటున పుట్టిన సంఖ్య 11కి నిండుగా లొంగుతుంది. అసలుది లొంగదు.

ఎక్సెల్ చేసిన నిర్వాకాన్ని మాత్రం అంకెల మొత్తమే పట్టేస్తుంది: 78 కాస్తా 75 అయింది, 9తో శేషం 6 నుంచి 3కి దిగింది. 3తో పరీక్షిస్తే మాత్రం రెండూ పాసే. అది మరీ ఉదారమైన మాస్టారు.

ఎక్సెల్ సున్నా చుట్టకూడదంటే, సంఖ్య కొట్టకముందే గడిని టెక్స్ట్‌గా మార్చాలి, లేదా ముందొక ఒంటి కొటేషన్ గుర్తు పెట్టాలి. సున్నా పడ్డాక ఫార్మాట్ ఎన్నిసార్లు మార్చినా పోయిన 3 తిరిగి రాదు. సరే, టెక్స్ట్ పెట్టాం, 993 భద్రంగా ఉంది కదా అని పక్కగడిలో దానికి ఒకటి కలపమని సూత్రం రాశారో, టెక్స్ట్ మళ్లీ సంఖ్యగా మారిపోతుంది. కూడికంతా అయ్యాక వచ్చే జవాబు 9007199254740990.