ఏడాది నివేదికలో ల్యాబ్ గంటలు ఎక్కడ?

ఏ ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం వార్షిక నివేదిక తెరిచినా ముందు కనిపించేవి ఫొటోలే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ఒప్పంద పత్రాన్ని చెరో అంచు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు పెద్దలు. ఆ తర్వాత లెక్కలు. ఇన్ని సెమినార్లు, ఇన్ని ఎఫ్‌డీపీలు (అధ్యాపకుల శిక్షణ తరగతులు), ఇన్ని ఎంఓయూలు (అవగాహన ఒప్పందాలు), ఇన్ని పేపర్లు, ఇన్ని పేటెంట్లు. ఇంజనీరింగ్ కాలేజీలో 18 ఏళ్లు పాఠం చెప్పాను. అలాంటి నివేదికల తయారీలో నా చెయ్యీ ఉంది. వాటిలో రాసినవి చాలావరకు జరిగినవే. అయితే వాటిని జరపడానికి ఏ క్లాసు ఆగిపోయింది, ఏ ల్యాబ్ ఎగిరిపోయింది అన్న లెక్క ఏ పేజీలోనూ ఉండదు. నన్ను వేధించేది అదే.

ఒక ల్యాబ్ గురించి చెబుతాను. సివిల్, మెకానికల్ పిల్లలకు రెండో ఏడాదిలో మెటీరియల్స్ ల్యాబ్ ఉంటుంది. అందులో పెద్ద యంత్రం యూటీఎం, అంటే లోహం బలాన్ని పరీక్షించే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్. మైల్డ్ స్టీల్ కడ్డీని దాని దవడల మధ్య బిగించి లాగుతారు. లోడు పెరుగుతూ పోతుంది. ఒకచోట లోడు చూపే ముల్లు తటపటాయించినట్టు ఆగి, కొంచెం వెనక్కి వస్తుంది. పుస్తకంలో యీల్డ్ పాయింట్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటు) అని చదువుకున్నది అదే. మళ్లీ లోడు పెరుగుతుంది. కాసేపటికి కడ్డీ నడుము దగ్గర సన్నబడటం కంటికి కనిపిస్తుంది. అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లు కూడా మాట ఆపేస్తారు. పెద్ద చప్పుడుతో కడ్డీ తెగుతుంది. ఆ ముక్కను వెంటనే చేతిలో పెడితే వెచ్చగా ఉంటుంది. ఒక కొస చిన్న గిన్నెలా గుంటపడి, రెండో కొస ఆ గుంటలో సరిగ్గా కూర్చునేలా ఉంటుంది. లోహం సాగి తెగడం అంటే ఏమిటో ఆ రెండు ముక్కలు చెప్పినట్టు ఏ స్లైడూ చెప్పలేదు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఓ బ్యాచ్‌కి ఆ ప్రయోగం జరగలేదు. ఆ మధ్యాహ్నం ఆడిటోరియంలో అతిథి ఉపన్యాసం పెట్టారు. కుర్చీలు నిండాలి కాబట్టి ల్యాబ్‌లో ఉన్న పిల్లల్ని అక్కడికి పంపమన్నారు. పంపాను. మర్నాడు మిడ్ ఎగ్జామ్స్ మొదలయ్యాయి. ఆ వారం పోయింది, తర్వాతి వారం సెలవు వచ్చింది. చివరికి పాత బ్యాచ్ రీడింగులు అబ్జర్వేషన్ పుస్తకంలోకి, అక్కడి నుంచి మార్కులు వేసే రికార్డులోకి ఎక్కాయి. గ్రాఫులు అందంగా గీశారు. నేను సంతకం పెట్టాను. ఆ ఏటి నివేదికలో ఆ ఉపన్యాసం ఉంది, ఫొటోతో సహా. ఆగిపోయిన ప్రయోగం మాత్రం ఎక్కడా లేదు. పైగా కాగితం మీద అది జరిగినట్టే ఉంది.

ఇలాంటివి ఒకటీ అరా అయితే సర్దుకోవచ్చు. కానీ లెక్క వేసి చూడండి. సెమిస్టరుకు 90 బోధనా రోజులన్నది మనకున్న కొలత. వారానికి ఒకసారి వచ్చే ల్యాబ్‌కి అందులో దొరికేవి మహా అయితే 15 మధ్యాహ్నాలు. మూడు పోతే అయిదో వంతు పోయినట్టు. మొదటి ఏడాది పిల్లల సంగతి ఇంకా కష్టం. కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది. చివరి విడతలో సీటొచ్చిన పిల్లవాడు క్లాసుకి వచ్చేసరికి గణితంలో ఒక యూనిట్ అయిపోయి ఉంటుంది. కొత్త వాళ్లకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ (చదువుకు అలవాటు చేసే పరిచయ తరగతులు) ఉండాలని, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ చెప్పింది. ఆలోచన చాలా మంచిది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఆ మూడు వారాలు నిజంగా అవసరం. కానీ ఆలస్యంగా మొదలైన సెమిస్టరులో ముందుగా కోత పడేది దానికే.

ఇదంతా ఇలా ఎలా తయారైందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1972లో జేఎన్‌టీయూ (జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) పుట్టినప్పుడు దాని కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలు కాకినాడ, అనంతపురం, హైదరాబాద్‌లలోనే. కాకినాడ, అనంతపురం కాలేజీలు స్వాతంత్ర్యానికి ముందు, 1946లో మొదలైనవి. అప్పట్లో విశ్వవిద్యాలయం ఏడాదంతా ఏం చేసిందని అడిగితే తన సొంత క్లాసుల గురించి, తన సొంత ల్యాబుల గురించి చెప్పగలిగేది. 1990ల చివర నుంచి ప్రైవేటు కాలేజీలు వెల్లువలా వచ్చాయి. వందల కాలేజీలకు సిలబస్ ఇవ్వడం, అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఇవ్వడం, ప్రశ్నపత్రం పంపడం, స్పాట్ వాల్యుయేషన్ నడపడం, ఫలితాలు వెయ్యడం ప్రధానమైన పనిగా మారిపోయింది. 2008లో జేఎన్‌టీయూను విడదీసి హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలు చేశారు. భారం పంచుకున్నారు కానీ పని స్వభావం మారలేదు. లక్షల జవాబు పత్రాలు చూసే యంత్రాంగానికి, ఒక ల్యాబ్‌లో మధ్యాహ్నం రెండింటికి ఏం జరుగుతోందో చూసే తీరిక ఎక్కడిది?

తనిఖీలు లేవా అంటే, ఉన్నాయి. అఫిలియేషన్ కోసం విశ్వవిద్యాలయం బృందాలు వస్తాయి. ఏఐసీటీఈ అనుమతి వేరు, కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వేరు, కాలేజీ మొత్తం నాణ్యతను మదింపు చేసే నాక్ వేరు, ర్యాంకుల కోసం ఎన్‌ఐఆర్‌ఎఫ్ వేరు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా పట్టికలు నింపాలి. నాక్‌కు ఏటా పంపే ఏక్యూఏఆర్ అనే నాణ్యతా నివేదిక ఒక్కటే ఏడు క్రైటీరియాలు (మదింపు అంశాలు). ఒక్కో క్రైటీరియన్‌కి ఒక ఇన్‌చార్జి ఉంటారు. వాళ్లందరూ పాఠం చెప్పే అధ్యాపకులే. ఆ నివేదిక సాధారణంగా డిసెంబరు నెలాఖరుకు వెళ్లాలి. దాని వెనకే ఎన్‌ఐఆర్‌ఎఫ్ వివరాలు. సరిగ్గా అదే సమయంలో సెమిస్టరు ముగుస్తుంటుంది. ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, వైవాలు, స్పాట్ వాల్యుయేషన్, మళ్లీ కొత్త సెమిస్టరు మొదలు. ఏడాదిలో పిల్లలకు టీచరు ఎక్కువగా కావాల్సిన రోజుల్లోనే టీచరు జియోట్యాగ్ ఫొటోల కోసం ఫోన్ గ్యాలరీ వెతుకుతూ కూర్చుంటాడు. ఫొటో మీద తేదీ, అక్షాంశం, రేఖాంశం ఉంటే అది రుజువు. ఆ కార్యక్రమంలో పిల్లలకు ఏం అర్థమైందనే దానికి రుజువు అడిగేవాళ్లు లేరు.

నిజానికి దాన్ని అడగాలన్న ఉద్దేశంతోనే ఒక పద్ధతి వచ్చింది. 2014లో భారత్ వాషింగ్టన్ అకార్డ్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. మన ఇంజనీరింగ్ డిగ్రీకి సభ్య దేశాల్లో గుర్తింపు రావడానికి అది దారి. సిలబస్ ఎంత చెప్పారన్నది కాకుండా కోర్సు పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలడో చూడాలన్నది దాని సారం. దాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే మన స్టాఫ్ రూముల్లోకి వచ్చేసరికి అది ఒక పట్టిక అయింది. అడ్డంగా ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (డిగ్రీ మొత్తానికి రావాల్సిన నేర్పులు), నిలువుగా కోర్సు అవుట్‌కమ్స్ (ఒక్కో సబ్జెక్టులో రావాల్సినవి), గళ్లలో 1, 2, 3 అంకెలు. సంబంధం గట్టిగా ఉంటే 3, కొంచెం ఉంటే 1. మిడ్ మార్కులు, చివరి పరీక్ష మార్కులు ఎక్సెల్‌లో వేస్తే అటైన్‌మెంట్, అంటే ఎంత సాధించారన్న అంకె, వస్తుంది. కడ్డీ తెగడం చూసిన బ్యాచ్‌కి, చూడని బ్యాచ్‌కి ఆ అంకెలో తేడా ఉండకపోవచ్చు. రికార్డు మార్కులు ఇద్దరికీ సమానంగానే పడ్డాయి మరి.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ సంగతికొస్తే, 2016 నుంచి ఏటా ర్యాంకులు ఇస్తున్నారు. ఇంజనీరింగ్‌లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, అందరికీ చోటు కల్పించడానికి 10, పేరుప్రతిష్ఠలకు 10. వినడానికి సమతూకంగానే ఉంది. కానీ బోధన కింద చూసేవి విద్యార్థుల సంఖ్య, అధ్యాపకుల నిష్పత్తి, వాళ్ల అర్హతలు, పెట్టిన ఖర్చు. క్లాసు ఎలా సాగిందనేది బయటి నుంచి కొలవడం కష్టమే, ఒప్పుకుంటాను. కొలవగలిగిన వాటి చుట్టూనే ఏడాదంతా తిరుగుతుంటే మాత్రం పేపర్ల సంఖ్య పెరుగుతుంది, ల్యాబ్‌లో దుమ్మూ పెరుగుతుంది. గ్రేడు మీద ఇంత బరువు పెట్టినచోట ప్రలోభాలు కూడా వస్తాయి. 2025 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై నాక్ తనిఖీ బృందంలోని వారిని సీబీఐ అరెస్టు చేసింది. ఆ వార్త చదివిన రోజు, రాత్రింబవళ్లు కూర్చుని నిజాయితీగా ఫైళ్లు చేసిన నా పాత సహోద్యోగులు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

కార్యక్రమాలే వద్దని అనడం లేదు. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ 2017లో మొదలైనప్పటి నుంచి మారుమూల కాలేజీల పిల్లలు కూడా 36 గంటలు నిద్ర మానుకుని ఒక నిజమైన సమస్య మీద కుస్తీ పట్టడం చూశాను. వాళ్లు తిరిగి వచ్చాక క్లాసులో అడిగే ప్రశ్నలే మారిపోతాయి. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి ఊళ్లోకి వెళ్లి చెరువుకట్ట లెవెల్స్ తీసిన సివిల్ పిల్లలు సర్వేయింగ్‌ను ఎప్పటికీ మర్చిపోరు. మంచి కార్యక్రమం పాఠాన్ని పొడిగిస్తుంది. దాన్నీ, కుర్చీలు నింపడానికి పెట్టిన దాన్నీ నివేదిక ఒకే గాట కడుతుంది. రెండూ ఒక్కో వరుసే, ఒక్కో ఫొటోనే.

ఇప్పుడు ఈ సమస్య ఇంకో మలుపు తిరిగింది. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ తీసేసింది. పెరిగేది ఎక్కడో అందరికీ తెలుసు, కంప్యూటర్ సైన్స్, దాని పక్కన చేరిన ఏఐ, డేటా సైన్స్ కోర్సుల్లో. సెక్షన్లు పెరుగుతాయి, కానీ వాటికి చెప్పేవాళ్లు అంత వేగంగా దొరకరు. 2018లోనే అధ్యాపకుల నిష్పత్తిని 15 మందికి ఒకరి నుంచి 20 మందికి ఒకరికి సడలించారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేక కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల మీదే బండి నడుస్తోంది. మరోపక్క సివిల్, మెకానికల్ సీట్లు తగ్గిపోతూ, లక్షలు పోసి కొన్న యంత్రాలకు పని ఉండటం లేదు. మెకానికల్‌లో తక్కువ మంది ఉన్న ఏడాది నిజానికి వరం కావాలి. ఒక్కో పిల్లవాడు స్వయంగా లేత్ యంత్రం ముందు నిలబడే వీలుండాలి. అలా జరిగిందో లేదో చెప్పే నివేదిక నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఏడాది నివేదికలో నాకు కావాల్సింది కొత్త సర్వేలూ యాప్‌లూ కాదు. జూలైలో విశ్వవిద్యాలయం అకడమిక్ క్యాలెండర్ ఇస్తుంది. మిడ్స్ ఎప్పుడు, చివరి పరీక్షలు ఎప్పుడు అన్నీ అందులో ఉంటాయి. ఏడాది చివర్లో అదే కాగితం మీద పక్కన ఇంకో గడి గీసి, నిజంగా ఏ తేదీన జరిగాయో, ఫలితాలు ఏ రోజు వచ్చాయో రాయమనండి. సప్లీ ఫలితం నెల ఆలస్యమైతే ఉద్యోగం వచ్చిన పిల్లవాడు ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం ఎంత టెన్షన్ పడతాడో పరీక్షల విభాగం కిటికీ ముందు నిలబడితే తెలుస్తుంది. కంపెనీ ఇచ్చిన గడువు ఫోన్‌లో చూపిస్తూ, "సార్, ఒక్క సంతకం" అని బతిమాలే ఆ గొంతు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. తేదీలన్నీ ఆ విభాగం దగ్గరే ఉన్నాయి. చేరిన వందమందిలో ఎంతమంది ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా నాలుగేళ్లలో బయటపడ్డారో కూడా అక్కడే ఉంది. ప్లేస్‌మెంట్ హోర్డింగు మీద వేసే గరిష్ఠ ప్యాకేజీ కంటే ఆ ఒక్క అంకె తల్లిదండ్రులకు ఎక్కువ చెబుతుంది. ఇక ల్యాబ్ విషయం. ప్రతి ల్యాబ్‌లో ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఎన్ని ప్రయోగాలు ఉన్నాయి, ఎన్ని యంత్రం మీద చేశారు, ఒక్కో సెట్ దగ్గర ఎంతమంది నిలబడ్డారు, ఎన్ని మధ్యాహ్నాలు వేరే పనికి పోయాయి. ఈ నాలుగు ముక్కలు రాస్తే చాలు. మొదటి ఏడాది ఆ అంకెలు బాగుండవు. బాగుండని అంకెను అచ్చు వేసిన కాలేజీని శిక్షించకుండా ఉండే పెద్దమనసు విశ్వవిద్యాలయానికి కావాలి. లేకపోతే మళ్లీ పాత బ్యాచ్ రీడింగులే వస్తాయి.

వరంగల్ ఎన్‌ఐటీ లాంటి కేంద్ర సంస్థల వార్షిక నివేదికలు, ఆడిట్ లెక్కలు పార్లమెంటు ముందుకు వెళ్తాయి. ఎవరైనా చదవాలనుకుంటే చదవొచ్చు. మన రాష్ట్రాల కాలేజీల విషయంలో ఆ చదివే మనిషి ఎవరో నాకు బాగా తెలుసు. ఏటా వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఆయన నెట్ సెంటర్‌లో కూతురి పక్కన నిలబడి ఉంటాడు. పోయినేడు మా వీధిలో అలాంటి ఒకాయన కాలేజీల జాబితా పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మాయికి సివిల్ అంటే ఇష్టమట. "సార్, ఫీజు సంగతి నేను చూసుకుంటాను. ఈ మూడిట్లో పిల్లచేత పని చేయించే కాలేజీ ఏది?" అని అడిగారు. మూడు కాలేజీల వెబ్‌సైట్లూ తెరిచాను. మూడింట్లోనూ నివేదికలు ఉన్నాయి, వందల పేజీలు. గంటసేపు ఇద్దరం కూర్చుని వెతికాం. చివరికి ఆ మూడింటిలో ఒకదాంట్లో చదివిన నా పాత విద్యార్థికి ఫోన్ చేసి, మీ యూటీఎం పనిచేస్తోందా అని అడిగాను.