పదిమంది దిగిపోవాల్సిందే

విశాఖలో శాస్త్రం తెలిసినవాళ్లకు కరవు లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, ఉక్కు కర్మాగారంలోనో, నౌకాదళ ప్రయోగశాలలోనో పనిచేసి రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు ఎందరో. వాళ్లలో ఏడుగురు కూడితే చాలు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు. పెట్టడం తేలికే. చిక్కంతా నాలుగో ఏడు నుంచి మొదలవుతుంది. సర్వసభ్య సమావేశానికి కోరం (కనీస హాజరు) ఉండదు. అరగంట వాయిదా వేసి, అవే కుర్చీల్లో అదే మనుషులతో మళ్లీ మొదలెడతారు. పాత కార్యవర్గమే 'ఏకగ్రీవం'. చెక్కు మీద సంతకం పెట్టాల్సిన కోశాధికారి అమెరికాలో కొడుకు దగ్గరుంటాడు.

ఈ జబ్బు కొత్తది కాదు. 1660 నవంబరు 28న లండన్ గ్రెషామ్ కళాశాలలో ఖగోళశాస్త్ర ఆచార్యుడు క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక పన్నెండుమంది కూర్చుని ఒక సంఘం పెట్టాలనుకున్నారు. తర్వాత రాయల్ సొసైటీ అనే పేరుమోసిన శాస్త్రవేత్తల సంఘం అయింది అదే. వాళ్లు ముందుగా తేల్చుకున్నవి సిద్ధాంతాలు కావు, జమాఖర్చులు. చేరినప్పుడు పది షిల్లింగులు. ఆపైన వారానికి ఒక షిల్లింగు, సమావేశానికి వచ్చినా రాకపోయినా. కోశాధికారి పదవీకాలం ఏడాది, అధ్యక్షుడిది మొదట్లో నెలే!

కొత్త సభ్యుణ్ణి ఎన్నుకునే తీరు చూడండి. పేరు ప్రతిపాదించిన రోజే ఓటింగు లేదు. ఇరవై ఒక్కరు హాజరైతేనే ఎన్నిక. ఒకే కొలతలో కత్తిరించిన కాగితం చుట్టలు బల్ల మీద రెండు కుప్పలుగా పోస్తారు. ఒక కుప్పలోవాటికి అడ్డగీతల గుర్తు, రెండో కుప్పలోవాటికి సున్నా. సభ్యుడు ఒక్కో కుప్ప నుంచి ఒక్కోటి తీసుకుని, తనకు నచ్చినదాన్ని ఎవరికీ కనబడకుండా పాత్రలో, మిగిలినదాన్ని పెట్టెలో వేస్తాడు. లెక్కింపు మాత్రం అందరి ముందూ. చేతులెత్తించి ఉంటే పెద్దాయన మొహం చూసి ఎత్తేవాళ్లేగా. అయితే బారన్ (ఇంగ్లండు ప్రభువుల్లో ఒక హోదా), ఆపై హోదా ఉన్నవాళ్లకు ఈ పరీక్ష లేదు. మన 'గౌరవ సభ్యుల' పద్ధతికి అక్కడా బంధువులున్నారన్నమాట.

అసలు పాఠం సంఘానికి రాజు ఇచ్చిన 1663 నాటి రెండో అధికారపత్రంలో (చార్టర్) ఉంది. పాలకమండలిలో 21 మంది. ఏటా సెయింట్ ఆండ్రూ దినం, నవంబరు 30న, పదిమంది దిగిపోవాలి, వేరే పదిమంది రావాలి. పదకొండుమంది మిగులుతారు గనుక పాత నిర్ణయాల సంగతి తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మన సంఘాల నిబంధనావళిలో 'కార్యవర్గ కాలపరిమితి రెండేళ్లు, తిరిగి ఎన్నుకోవచ్చు' అని రాసుకుంటాం. ఆ చివరి రెండు మాటలే కొంప ముంచుతున్నాయి. వాటిని కొట్టేసి, ఏటా సగానికి కాస్త తక్కువమంది దిగాలనీ, దిగినవారు కనీసం ఏడాది ఆగి మళ్లీ పోటీ చేయవచ్చనీ రాయాలి.

లండన్ వాళ్ల ఏర్పాటులోనూ కన్నం ఉంది. అధ్యక్షుడికి గరిష్ఠ కాలం పెట్టలేదు. ఏటా ఎన్నికే, అయినా మొదటి అధ్యక్షుడు బ్రౌంకర్ 1662 నుంచి 1677 దాకా కూర్చున్నాడు. న్యూటన్ 1703 నుంచి చనిపోయేదాకా. జోసెఫ్ బ్యాంక్స్ నలభై ఒక్కేళ్లు. కాబట్టి అధ్యక్ష పదవికి మూడేళ్ల హద్దు విడిగా రాసుకోవడం మంచిది.

వారానికో షిల్లింగు కూడా చాలామంది ఎగ్గొట్టారు. న్యూటన్ లాంటివాడికే 1675లో చందా మాఫీ చేయాల్సి వచ్చింది. మన దగ్గర దీనికి విరుగుడుగా శాశ్వత సభ్యత్వం అంటున్నారు. అది విరుగుడు కాదు, విషం. ఒకసారి వచ్చిన డబ్బును ప్రారంభోత్సవానికీ జ్ఞాపికలకూ ఖర్చు పెట్టేస్తే ఆపైన ఏటేటా ఆదాయం ఎక్కడిది? శాశ్వత చందా మొత్తాన్ని డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే వాడాలి. లేదంటే ఏడాది చందాయే నయం.

దాతల మాటనూ ముందే కాగితం మీద పెట్టించాలి. రాబర్ట్ హుక్‌ను 1662లో ప్రయోగాల నిర్వాహకుడిగా పెట్టుకున్నారు. ప్రతి సమావేశానికీ మూడు నాలుగు ప్రయోగాలు చూపాలి, జీతం మాత్రం మొదట్లో లేదు. 1664లో జాన్ కట్లర్ అనే సంపన్నుడు హుక్‌కు ఏడాదికి 50 పౌండ్లు ఇస్తానన్నాడు. ఆ మాట నమ్మి సంఘం హుక్‌కు ఇవ్వాలనుకున్న జీతంలో తన వాటాను 30 పౌండ్లకు కుదించుకుంది. కట్లర్ డబ్బు సరిగా రాలేదు. హుక్ కోర్టుకెక్కి గెలిచింది 1696లో. అప్పటికి కట్లర్ చనిపోయి మూడేళ్లు.